మా బావ పెట్టిన ఏడు గుర్తులు

బంజారా గుట్టల్ని ఎవరో పెద్దమనుషులు కార్లు వేసుకొని వెళ్లి కనిపెట్టారని ఈమధ్య ఒకాయన మా ఇంట్లో కూర్చొని, మా చాయ్ తాగుతూ, నాతోనే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కారు వెళ్లడానికి అక్కడ బాటే లేని రోజుల్లో, ఒక చేత్తో సున్నం బకెట్టు, ఇంకో చేత్తో కుంచె పట్టుకొని ఆ గుండ్ల మధ్య తిరిగిన మనిషి మా ఇంట్లో ఉండేవాడు. మా అక్క యేసుమణి మొగుడు, మా బావ దయారత్నం. ఆయన గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. రాసేవాళ్లకు కార్లలో వెళ్లినవాళ్లే కనబడతారు. అందుకని నేనే రాస్తున్నాను. మరదలిని కాబట్టి కాస్త ఎగతాళి ఉంటుంది. ఓర్చుకోండి, ఆయన కూడా ఓర్చుకునేవాడు.

మా అమ్మానాన్నలు పోయాక నేను అమీర్‌పేటలో అక్కావాళ్లింట్లోనే ఉండేదాన్ని. మిషన్ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. బావది గోడలకు సున్నాలు వేసే పని. అది వాళ్ల నాయన నుంచి వచ్చింది. ముసలాయన క్రైస్తవుడు కాకముందు పండగలకు పోచమ్మ గుళ్ల గోడలకు సున్నం కొట్టి, దాని మీద జాజుతో ఎర్ర పట్టెలు, ఎర్ర చుక్కలు పెట్టేవాడట. కొడుక్కి కుంచె పట్టడం నేర్పింది ఆ గోడల మీదే. బాప్తిస్మం తీసుకున్నాక తండ్రీకొడుకులిద్దరూ గుళ్ల పని మానేశారు గాని, చేతికి పట్టిన అలవాటుకు ఎవరూ బాప్తిస్మం ఇవ్వలేదు.

బావకు కాలు ఒకచోట నిలిచేది కాదు. గుట్టల అవతల కొత్తగా లేస్తున్న బంగళాలకు సున్నం వేయడానికి అందరూ బండ్ల బాట పట్టుకొని చుట్టూ తిరిగి వెళ్తే, ఆయన పంజగుట్ట వాగు దాటి నేరుగా గుండ్లలోకి దూరేవాడు. ఎండాకాలంలో అదంతా ఎడారే. నాగజెముడు, తుమ్మ, ఆకు రాలిన సీతాఫలం పొదలు, ఇంటికంటే పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి. మధ్యాహ్నం వాటి మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేది. ఒక్క మలుపు తప్పితే చాలు, అన్ని గుండ్లూ ఒక్కలాగే కనబడి, మనిషి తిరిగిన చోటే తిరుగుతుండేవాడు. బావకు మాత్రం ఒక్కో గుండూ ఒక్కో చుట్టం. ఎడమొహం పెడమొహంగా నిలబడ్డ రెండింటికి అత్తాకోడళ్లని పేరు పెట్టాడు. పొట్ట ముందుకు వేసుకొని దారికి అడ్డంగా ఉన్నదానికి పోలీసు అమీన్‌సాబ్ అని పెట్టాడు. దాని పక్కనుంచి వెళ్లేటప్పుడు సలాం కూడా కొట్టేవాడు.

దూరాన్ని ఆయన మైళ్లలో చెప్పేవాడు కాదు, కీర్తనల్లో చెప్పేవాడు. నడుస్తూ పాడుకునే అలవాటు. "వాగు కాడినుంచి అమీన్‌సాబ్ దాక ఒక కీర్తన, ఆడినుంచి అత్తాకోడళ్ల దాక రెండున్నర" అనేవాడు. ఎక్కుడు దారైతే ఆయాసం వల్ల చరణాలు తగ్గుతాయి, దానికి వేరే లెక్క. గొంతు మాత్రం దేవుడు తనకు తీరిక లేనప్పుడు ఆయనకు ఇచ్చాడు. గుట్టల్లో పాడుకోవడమే మంచిదని అక్క అనేది.

పంతొమ్మిది వందల ముప్ఫై ఆరో సంవత్సరం ఎండాకాలంలో ఒక సాయంత్రం బావ పని ముగించుకొని వస్తుంటే అత్తాకోడళ్ల నడుమ ఒక తెల్లదొర కూర్చొని ఉన్నాడు. మొహం కందిపోయింది, నీళ్లసీసా ఖాళీ. అయినా బెదిరినట్టు కనబడకూడదని నోటుబుక్కులో ఏదో గీస్తున్నాడు.

"తొవ్వ తప్పినవా సాబ్?" అని బావ అడిగాడు.

లేదు, గుట్టల అందం చూస్తున్నానని దొర వచ్చీరాని హిందుస్తానీలో చెప్పాడు.

"మంచిగ చూడుండ్రి. నేను పోతున్న" అని బావ నాలుగడుగులు వేసేసరికి దొర లేచి వెంటబడ్డాడు.

ఆయనే వాట్లీ దొర, బేగంపేటలో ఉండే రైల్వే ఇంజినీరు. అంతకుముందు పదేళ్లు సింధు ఎడారిలో పట్టాలు వేయించాడు. సెలవు దొరికితే ఆ ఇసుకలో, రాళ్లలో నడవడమే ఆయన సరదా. ఇక్కడికి బదిలీ అయ్యాక నడవడానికి చోటే లేదని దిగులుపడుతుంటే ఈ గుట్టలు కంటబడ్డాయి. ఇది ఇసుక లేని ఎడారి అన్నాడట. ఇంత అందమైన చోటు ఇంటి పక్కన పెట్టుకొని మీరెవరూ ఎందుకు నడవరని బావని అడిగాడు.

"నడుస్తనే ఉన్నం సాబ్. నెత్తి మీద కట్టెలమోపు ఉంటది, గందుకే అందం అవుపడది" అన్నాడు మా బావ.

ఆ జవాబు దొరకు నచ్చింది. ఆయన స్నేహితులు, దొరలూ దొరసానులూ కలిపి పదిమంది, ప్రతి శనివారం పొద్దున నడకకు రావాలనుకున్నారు. బావకేమో రోజూ పని, ప్రతి వారం వాళ్ల వెంట తిరిగే వీలు లేదు. ఎడారిలో బాటసారుల కోసం రాళ్ల మీద గుర్తులు పెడతారని, ఇక్కడ కూడా మలుపు మలుపుకూ ఒక గుర్తు పెట్టమని దొర అడిగాడు. వాగు దగ్గరినుంచి పైన నీళ్లు నిలిచే బండ దాకా బావ లెక్కబెట్టాడు. ఏడు మలుపులు.

మొదట బాణాలు గీశాడు. వారం తిరక్కుండా అన్నీ పోయాయి. మేకలు కాచుకునేవాళ్లు, కట్టెలకు వెళ్లేవాళ్లు వాటిని చూసి సర్కారు సర్వే గుర్తులనుకున్నారు. గుట్టలు గుంజుకుంటారని భయపడి రాళ్లతో గీకేశారు, మట్టి పూసేశారు. ఒక్క బాణాన్ని మాత్రం ఎవరో తెలివైనవాడు చెరపకుండా రెండో వైపుకు తిప్పి గీశాడు. ఆ శనివారం దొరలూ దొరసానులూ దాన్నే నమ్ముకొని నడిచి నడిచి యూసుఫ్‌గూడ కల్లు దుకాణంలో తేలారు. అందరూ మంచి హుషారుగా తిరిగివచ్చారని, ఆ వారం నడక మీద ఒక్క ఫిర్యాదూ రాలేదని బావ చెప్పేవాడు.

అప్పుడు బావ బాగా ఆలోచించాడు. ఆలోచించడమే పొరపాటు. దూరం నుంచి కనబడాలి, ఎవడూ తుడవకూడదు, ఈ రెండే ఆయన బుర్రలో ఉన్నాయి. వానలు వెలిశాక సున్నంలో జిగురు కలిపి, ప్రతి మలుపులో ఒక బండ మీద రెండు జానల వెడల్పున తెల్లగా పట్టె వేశాడు. అది ఆరాక కింద మూడు ఎర్ర గీతలు, నడిమధ్య పెద్ద ఎర్ర చుక్క. చెయ్యి దానంతట అదే పోయిందట. తీరా అయ్యాక అక్కనూ నన్నూ తీసుకెళ్లి చూపించాడు. మేమిద్దరం ముచ్చటపడ్డాం. ముగ్గురం క్రైస్తవులం, ముగ్గురిలో ఒకరికైనా అదేమిటో తట్టలేదు. నేనైతే పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మను కూడాను.

బల్కంపేట బుచ్చమ్మకు మాత్రం ఒక్క చూపులో తెలిసిపోయింది.

బుచ్చమ్మ కాపువాళ్ల ఆడది. మూడు బర్రెలు పెట్టుకొని మా వీధులకు పాలు పోసేది. మరుసటి సంవత్సరం వేసవిలో ఆమె బర్రె ఒకటి తప్పిపోయింది. నాలుగు రోజులు ఏడ్చుకుంటూ వెతికింది. అయిదో రోజు గుట్టల్లో మూడో మలుపు దగ్గర, బావ పెట్టిన గుర్తు ముందు, బర్రె తాపీగా నిలబడి నెమరు వేస్తూ కనబడింది. అక్కడ బండ నీడ ఉంది కాబట్టి నిలబడిందని నా ఉద్దేశం. బుచ్చమ్మ ఉద్దేశం వేరు. తెల్లటి సున్నం, ఎర్రటి చుక్క, తల్లి స్వయంగా వెలిసి తన బర్రెను కాపలా కాసింది. ఆ సాయంత్రమే పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకొని వెళ్లింది. మర్నాడు ఇంకో నలుగురిని తీసుకెళ్లింది. వాళ్లు వెతికితే ఇంకో ఆరు గుర్తులు దొరికాయి.

ఏడు! గ్రామదేవతలు ఏడుగురు అక్కచెల్లెళ్లు! మా బావ ఆరు మలుపుల దారి చూసుకొని ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు.

ఆషాఢమాసం వచ్చేసరికి ఏడు బండలకూ పసుపు పూతలు, వేపమండలు, దీపాలు. బల్కంపేట ఎల్లమ్మకు బోనం ఎత్తినవాళ్లలో కొందరు ఆ ఊపులో గుట్టలెక్కి ఇక్కడా కొంత సమర్పించి వెళ్లారు. సున్నం వేసిందెవరో తెలియడానికి ఎంతసేపు? బుచ్చమ్మ మా ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడింది.

"తమ్మీ, అమ్మ నీకు కలలకొచ్చి చెప్పిందా ఏంది?"

"కల లేదు ఏం లేదక్కా. దొరల కోసం తొవ్వకు గుర్తులు పెట్టిన."

"నీకు ఎరుకలేదు లే. నీ చెయ్యి పట్టుకొని ఆ తల్లే పెట్టించుకున్నది" అని ఆమె మా బావ చేతులు కళ్లకద్దుకోబోయింది. బావ చేతులు వెనక్కి దాచుకొని ఇంట్లోకి పరుగెత్తాడు. మా వీధిలో అప్పటిదాకా కాపువాళ్లెవరూ ఆయన చేతిని తాకి ఎరుగరు.

దొరల బాధ ఇంకోరకం. శనివారం పొద్దున బుచ్చమ్మ మొదటి గుర్తు దగ్గర నడుంమీద చెయ్యి వేసుకొని నిలబడేది. చెప్పులు విప్పకుండా అమ్మ ముందునుంచి ఎవరూ కదలడానికి లేదు. దొరల బూట్లంటే చెప్పులా? ఒక్కోదానికి గజం పొడుగు తాళ్లు. విప్పాలి, పది గజాలు నడవాలి, మళ్లీ కట్టుకోవాలి. అలా ఏడుసార్లు. బుచ్చమ్మ ఏడో గుర్తు దాకా వెంట నడిచి మరీ విప్పించేది. గంటన్నర నడక మూడు గంటలైంది. నాలుగో గుర్తు దగ్గరికి వచ్చేసరికి వాట్లీ దొర తాళ్లు రెండూ ముడివేసి, బూట్లు మెడలో దండలా వేసుకొని, వట్టికాళ్లతో ఎగిరెగిరి నడిచాడు. సింధు ఎడారిలో కూడా తనకు ఇంత కాళ్లు కాలలేదన్నాడట. అయినా మళ్లీ వారం వచ్చాడు. మొండి మనిషి.

మేం ఇంట్లో పడీపడీ నవ్వుకున్నాం. మా సంఘం పాస్టరు యేసురాజు అయ్యగారికి మాత్రం నవ్వు రాలేదు.

అయ్యగారిది గుంటూరు వైపు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ చంకలో గొడుగుతో ఉండేవారు. ఏ పనైనా పద్ధతి ప్రకారం చేసే మనిషి. చెడ్డవాడు కాదు, కానీ పద్ధతి తప్పితే ఆయనకు నిద్ర పట్టదు. బావను, అక్కను, నన్ను పిలిపించి వరండాలో కూర్చోబెట్టారు.

"ఏంటి దయారత్నం గారూ, నేను వింటున్నది? మన సంఘంలో మనిషి ఏడుగురు దేవతల్ని ప్రతిష్ఠించాడని బల్కంపేట నుంచి బేగంపేట దాకా చెప్పుకుంటున్నారు."

"నేను దేవతల్ని పెట్టలే అయ్యగారూ. తొవ్వ పెట్టిన."

"దారికి బొట్టెందుకండీ?"

"దూరం నుంచి అవుపడాలెనని."

"మరి కొబ్బరికాయలెందుకు?"

"గవి నేను కొట్టలే." బావకు అబద్ధం చెప్పడం చేతకాదు. "ఒకటి రెండు తిన్న."

అక్క ఆయన తొడ మీద గిల్లింది. ఆలస్యమైపోయింది. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని, మెల్లగా చెప్పారు. "ఆ గుర్తులు చెరిపేసిన రోజున వచ్చి నాకు చెప్పండి. అప్పటిదాకా మీరు ప్రభువు బల్లకు రావొద్దు."

బావ నవ్వుమొహం ఒక్కసారిగా వాడిపోయింది. ప్రభువు బల్ల అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. నెలకొక ఆదివారం మా ప్రార్థన గుళ్లో అందరికీ రొట్టెముక్క పంచుతారు, ద్రాక్షరసం గిన్నె ఒక్కటే తిప్పుతారు. వకీలు తాగిన గిన్నెలోనే సున్నం కొట్టేవాడు తాగుతాడు. మా బావ నాయన ఆ గిన్నె కోసమే క్రైస్తవుడయ్యాడు. ఊళ్లో దాహమేస్తే దోసిలి పట్టి నిలబడితే పైనుంచి పోసేవారు. జీవితంలో మొదటిసారి ఇంకొకళ్ల పెదవులు తాకిన గిన్నె తన చేతికి వచ్చిన రోజున ముసలాయన తాగడం మరిచిపోయి ఏడ్చాడట. చనిపోయే ముందు కొడుకుతో, ఏది పోయినా ఆ గిన్నె పోగొట్టుకోకురా అని చెప్పి పోయాడు. బావ ఒక్క నెల కూడా తప్పలేదు. జ్వరం వచ్చినా దుప్పటి కప్పుకొని వచ్చేవాడు.

"చెరిపేస్త అయ్యగారూ" అన్నాడు.

వాట్లీ దొరకు ముందుగా చెప్పాడు. దొర మర్యాదస్తుడు. నీ దేవుడి దగ్గర నీ చోటు పోయేటట్టయితే నా నడక ఎంత, చెరిపేసెయ్ అన్నాడు. ఇక అడ్డేముంది? బావ నీళ్లు, కొబ్బరిపీచు, ఇసుక పట్టుకొని పొద్దున్నే వెళ్లాడు. మధ్యాహ్నానికి తిరిగివచ్చాడు. పీచు పొడిగానే ఉంది.

"తుడిచినవా?" అని అక్క అడిగింది.

"జిగురు ఎక్కువేసిన. గంత జల్ది పోదు" అన్నాడు.

రెండోరోజు వెళ్లి, ఎండ ఎక్కువగా ఉందని తిరిగివచ్చాడు. మూడోరోజు తేలు కనబడిందన్నాడు. ఎప్పుడో చనిపోయిన తేలు అయి ఉంటుంది. సాయంత్రం ఆయన ఒక్కడే వాకిట్లో కూర్చొని ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏమైంది బావా? నిజం చెప్పు. తేలు గీలు అనకు."

అప్పుడు బావ చెప్పాడు. మొదటిరోజు మూడో మలుపు దగ్గర బుచ్చమ్మ ఉందట. సంగతి చెబితే తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. "నువ్వే పెట్టినవ్, నువ్వే తీస్తనంటున్నవ్. అడ్డం రానీకె నేనెవర్ని?" అని, దీపం తీసి పక్కన పెట్టి, పూలన్నీ కొంగులోకి ఏరుకుంది. ఆయన చెమటలు కక్కుతుంటే చూసి, తాను తెచ్చుకున్న చెంబు ఇచ్చింది.

"చేతికే ఇచ్చింది లీలా. పైకెల్లి పొయ్యలే. నేను తాగినంక మల్ల అదే చెంబు తీస్కొని ఆమె సుత తాగింది. ఇగ ఆమె ముంగట ఆ బొట్టెట్ల తుడవాలె? నా చెయ్యి పోలే."

ఇంత చిక్కు నా బావ నెత్తిమీద పెట్టినందుకు అయ్యగారి మీద, బుచ్చమ్మ మీద, ఆ బర్రె మీద కూడా కోపం వచ్చింది. బావ మర్నాడే అయ్యగారి దగ్గరికి వెళ్లి, తనవల్ల కాలేదని ఉన్నదున్నట్టు చెప్పాడు. అయ్యగారు తలవంచుకొని, "అయితే నేను మాట మార్చలేనండీ" అన్నారు.

ఆగస్టులో ప్రభువు బల్ల ఆదివారం బావ గుడికి వచ్చాడు. రావొద్దన్నది బల్లకే గాని గుడికి కాదు. పాటలూ ప్రసంగమూ అయ్యాక, రొట్టె మీద గుడ్డ తీసేసరికి లేచి బయటికి వెళ్లి, ఆవరణలో ప్రహరీగోడ పక్కన కూర్చున్నాడు. ఆ గోడకు సున్నం వేసిందీ ఆయనే. అక్క గిన్నె తీసుకుంది గాని, తాగకుండా పెదవులకు ఆనించి కళ్లు తుడుచుకుంది. సెప్టెంబరులోనూ అంతే. ఇంట్లో కీర్తనలు ఆగిపోయాయి. ఆయన గొంతు ఎప్పుడు ఆగుతుందా అని అన్నేళ్లు ఎదురుచూసిన అక్క, ఒకరోజు వంట చేస్తూ, "జర ఏదన్న పాడరాదా" అని అడిగింది. ఆయన పాడలేదు. నేను అయ్యగారికి నమస్కారం పెట్టడం మానేశాను. దారిలో ఎదురైతే ఆయన గొడుగును చూసేదాన్ని గాని మొహం చూసేదాన్ని కాదు.

అక్టోబరు ఆదివారానికి ముందు శనివారం అయ్యగారు ఒక నిర్ణయానికి వచ్చారు. దయారత్నం చేత కానిది తానే చేస్తే దయారత్నం బల్లకు రావచ్చు కదా. మధ్యాహ్నం భోజనం చేసి, దొరల నడక అయిపోయిందని రూఢి చేసుకొని, ఒక చేత్తో నీళ్ల బకెట్టు, ఇంకో చేత్తో గొడుగు, చంకలో కొబ్బరిపీచు పెట్టుకొని ఒంటరిగా గుట్టలెక్కారు. తర్వాత జరిగిందంతా సగం బుచ్చమ్మ చూసి చెప్పింది, సగం అయ్యగారే కొన్నేళ్ల తర్వాత మా ఇంట్లో నవ్వుతూ చెప్పారు.

పద్ధతి గల మనిషి కదా, కింద నుంచి మొదలుపెడితే మళ్లీ పై దాకా ఎక్కి దిగాల్సి వస్తుందని, ముందు ఏడోదాని దగ్గరికి వెళ్లి, దిగుతూ ఒక్కొక్కటీ చెరుపుకుంటూ వద్దామనుకున్నారు. ఒక గుర్తు చూసుకొని ఇంకో గుర్తుకు, దాన్ని చూసుకొని మరో గుర్తుకు వెళ్తూ హాయిగా పైకి చేరారు. దారి ఇంత తేలికా అనుకున్నారట. ఏడో బండ దగ్గర చొక్కా చేతులు మడిచి, రెండు గంటలు కష్టపడి తోమారు. మా బావ జిగురు సంగతి అప్పుడు తెలిసింది. తెచ్చిన నీళ్లన్నీ ఆ ఒక్కదానికే అయిపోయాయి. ఆఖరికి బండ నల్లగా తేలింది. దేవునికి స్తోత్రం చెప్పుకొని వెనక్కి తిరిగారు.

తిరిగితే అన్నీ ఒకేలాంటి గుండ్లు. ఏ సందులోంచి వచ్చారో తెలియదు. ఎటు తిరగాలో చెప్పాల్సిన గుర్తును ఇప్పుడే తానే శుభ్రంగా తోమేశారు. ఒక సందులోకి దిగితే నాగజెముడు. ఇంకో సందులోంచి పోతే కాసేపటికి మళ్లీ ఆ నల్లబండే. మూడుసార్లు అక్కడికే వచ్చారు. గొంతు ఎండిపోయింది, చెప్పు తెగింది, గొడుగు ఒక తుమ్మకొమ్మకు సమర్పణ అయింది. పొద్దు వాలుతుంటే భయం పట్టుకుంది. గట్టిగా ప్రార్థన చేశారట. కళ్లు తెరిచేసరికి ఏటవాలు ఎండలో, దూరంగా రెండు గుండ్ల సందున, ఎర్రటి చుక్క ఒకటి వెలుగుతూ కనబడింది.

అది ఆరో గుర్తు. అయ్యగారు పరుగున వెళ్లి దాని మీద రెండు అరచేతులూ ఆనించి, చాలాసేపు అలాగే నిలబడ్డారు. అక్కడినుంచి అయిదోది కనబడింది. అయిదో దానినుంచి నాలుగోది. ఒక్కొక్కదాన్నీ పట్టుకొని ఊపిరి పీల్చుకుంటూ దిగారు.

మొదటి గుర్తు దగ్గర బుచ్చమ్మ దీపం పెడుతోంది. చొక్కా చినిగి, ఒక కాలికే చెప్పుతో ఊగుతూ వస్తున్న పెద్దమనిషిని చూసి, ఎవరో ఏమిటో అడగలేదు.

"అయ్యా, చెప్పులు" అంది.

అయ్యగారు ఉన్న ఒక్క చెప్పూ విప్పారు. ఆమె చెంబు ఇస్తే గటగటా తాగారు.

మర్నాడు ఆదివారం. ఇదేమీ మాకు తెలియదు. అయ్యగారు కుంటుతూ వచ్చి ప్రసంగం చెప్పారు. ఏం చెప్పారో గుర్తు లేదు, నేను విననే లేదు. రొట్టె మీద గుడ్డ తీయడానికి లేచారు. ఎప్పటిలాగే బావ లేచి బయటికి వెళ్లిపోయాడు. అయ్యగారు గుడ్డ తీశారు, రొట్టె విరిచారు, గిన్నె ఎత్తారు. అప్పుడు చూశాను, ఆయన తెల్లచొక్కా చేతుల అంచులు రెండూ పచ్చగా ఉన్నాయి. మార్చుకోవడానికి ఇంకో మంచి చొక్కా లేదో, నిన్న చినిగినదాని బదులు వేసుకున్న చొక్కాకు చేతుల నుంచే అంటుకుందో, ఆడవాళ్లందరికీ తెలుసు అది పసుపేనని. గుడి గుడంతా గుసగుసలు.

అయ్యగారు రొట్టె పళ్లెం, గిన్నె పట్టుకొని మా వైపు రాలేదు. మధ్యలోంచి నడుచుకుంటూ, కుంటుకుంటూ, వాకిలి దాటి ఎండలోకి వెళ్లిపోయారు. మేమంతా లేచి గుమ్మం దగ్గర గుమిగూడాం. ఆయన గోడ పక్కన మా బావ ఎదురుగా నిలబడ్డారు. బావ గాభరాగా లేవబోయాడు.

"కూర్చోండి దయారత్నం గారూ" అన్నారు అయ్యగారు. "ఏడో గుర్తు నేను చెరిపేశానండీ. తప్పు చేశాను. రేపే వెళ్లి మళ్లీ వేసి రండి. అది లేకపోతే మనుషులు దారి తప్పుతారు."

బావ ఆ పచ్చటి చేతుల వైపు చూశాడు, అయ్యగారి మొహం చూశాడు. చేతులు పంచెకు తుడుచుకొని రొట్టె అందుకున్నాడు. గిన్నె రెండు చేతులతో పట్టుకొని వెంటనే తాగలేకపోయాడు. భుజాలు కదిలాయి. మూడు నెలలుగా అయ్యగారితో ఏమేం అనాలో నేను మనసులో కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. అక్క కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను.

బావ తాగాడు. అయ్యగారు గిన్నె తీసుకొని, అంచు తుడవకుండానే, అదే గిన్నె లోపలికి తెచ్చారు. వకీలుగారి నుంచి మొదలుపెట్టి ఒక్కరూ మారుమాట అనలేదు. ఆ ఆదివారం మేమంతా మా బావ తర్వాతే తాగాం.